పరాయి యుద్ధానికి భేరి

మణిశిలా నగరంలో ఆ ఉదయం ఏ ఇంటా పొయ్యి వెలగలేదు. ముసలీ ముతకా, పిల్లా పెద్దా అంతా కోట ముందరి మైదానంలో చేరి, ఒక అద్దంలోకి చూసి ఏడుస్తున్నారు.

అది మనం బొట్టు దిద్దుకునే అద్దం లాంటిది కాదు. రెండు నిలువుల ఎత్తున్న కంచు పలక. దాని అంచు చుట్టూ పడగలెత్తిన నాగులు, ఒక్కొక్క నాగుకు రెండు కెంపుల కళ్లు, నాలుకల కొసల ముత్యాలు. ఎండ తగలగానే ఆ కెంపులు రగులుకొని, కంచులో అలలు లేచి, ఆ అలల మధ్య ఇరవై రోజుల ప్రయాణం దూరాన ఉన్న సైకతపురి కనిపిస్తుంది. ఇప్పుడు అందులో ఒక వీధి తగలబడిపోతోంది. కాలిన గడప మీద ఒక పసిపిల్ల కూర్చుని ఖాళీ చెంబు నాకుతోంది.

అద్దం పక్కన నిలబడ్డవాడు భస్మాంగదుడనే మాంత్రికుడు. ఒళ్లంతా బూడిద, మోకాళ్ల దాకా దూదిలా తెల్లటి గడ్డం.

“చూశారు గదా. నదికి అవతలి ఒడ్డున ఉన్న కాంస్యపురివాళ్లు చేసిన పని ఇది. సైకతపురి రాజు నన్ను మీ దగ్గరికి దూతగా పంపాడు. మీ సైన్యం వస్తే ఆ పిల్ల బతుకుతుంది. రాకపోతే బతకదు” అన్నాడు, ఏమీ తొందర లేనట్టు.

సేనాపతి చండకేతుడు కళ్లు తుడుచుకొని రాజు ఉదయార్కుడి వైపు తిరిగాడు. అంతలేసి మీసాలు పెంచాడు గానీ మనసు మెత్తనివాడు.

“పదకొండు వేలమంది సిద్ధంగా ఉన్నారు మహారాజా. సెలవియ్యండి.”

“సైకతపురి మనకు చుట్టమా, పక్కమా?” అన్నాడు వృద్ధమంత్రి. “ఆ కొట్లాట ఎందుకొచ్చిందో కూడా మనకు తెలియదు. మన పిల్లలు అక్కడికి పోయి ఎందుకు చావాలి?”

“ఆ మాట ఆ పిల్లతో చెప్పండి మంత్రిగారూ.”

 జనం సేనాపతికి జేజేలు కొట్టారు. రాజు నిట్టూర్చి, “భేరికి తోలు బిగించండి” అన్నాడు.

ఇక్కడ మణిశిలవాళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. వాళ్ల యుద్ధభేరి పేరు ప్రళయఘోష. ఒకే మాను తొలిచి చేసిన పీపా అది, నలుగురు లోపల కూర్చుని పాచికలాడుకోవచ్చు. అయితే అది ఎప్పుడూ బోడిగానే ఉంటుంది. యుద్ధం వచ్చినప్పుడే దానికి అడవిదున్న తోలు బిగిస్తారు, యుద్ధం ముగియగానే కోసిపారేస్తారు. ఆ బిగించేవాడు ముందు ఆ యుద్ధాన్ని తన కళ్లతో చూసి ఉండాలి. శత్రువు ఎప్పుడూ పొలిమేర దాకా వచ్చేవాడు గనక, తరతరాలుగా ఆ పని చేసే ఇంటివాళ్లు కోట బురుజెక్కి ఒకసారి చూసొచ్చి పనిలోకి దిగేవాళ్లు. పరాయి దేశపు యుద్ధానికి తోలు బిగించమనడం ఇదే మొదలు.

ఈ తరంలో ఆ పనివాడు ఓబన్న. ముప్ఫై ఏళ్లవాడు, తుమ్మమొద్దులాంటి మనిషి. జనాన్ని తోసుకుంటూ వచ్చి, అద్దం ముందు వంగి దాని వాసన చూశాడు. జనం ఏడుపు మాని నవ్వారు.

“ఏం చేస్తున్నావురా?” అన్నాడు రాజు.

“తోలు ఎప్పుడూ చూసి కొనను దొరా. మురిగిపోయిన తోలు కూడా చూపుకు నిగనిగలాడుతుంది. వాసన చూస్తా, తడిమి చూస్తా. ఇందులో ఇళ్లు కాలుతున్నాయి గానీ పొగ వాసన లేదు. అబద్ధమని నేననను. చూశానని మాత్రం అనలేను. పోయి చూసొస్తా.”

భస్మాంగదుడి ముఖం మాడిపోయింది. “ఇరవై రోజులు పోవడానికి, ఇరవై రోజులు రావడానికి. అప్పటిదాకా ఆ పిల్ల ఉంటుందా?”

“కొండలు చుట్టి వెళితే ఇరవై. ఎండువాగులోకి దిగి గుర్రం తోలితే నాలుగు” అని ఒక ఆడగొంతు వినిపించింది. యువరాణి హైమవల్లి. పద్దెనిమిదేళ్ల పిల్ల, వేట పిచ్చిది. “రెండు రోజుల దూరం నేను పోయి చూశాను నాన్నగారూ. పడమటికి గీత గీసినట్టు పోతుంది ఆ ఇసుక. నేనూ ఓబన్నతో వెళతాను.”

రాజు వద్దనడానికి నోరు తెరిచేసరికి ఆమె గుర్రమెక్కి కూర్చుంది. అంతకుముందు కూడా ఎన్నడైనా విన్నది గనకనా.

అడవిదున్న తోలును సున్నపు నీళ్లలో నానబెట్టారు. నానిన తోలును తొమ్మిదో రోజున బిగించాలి, దాటితే చీకిపోతుంది. చండకేతుడు దాన్నే గడువు చేశాడు. తొమ్మిదో రోజు పొద్దుగుంకేలోగా ఓబన్న రాకపోతే మరో పనివాడి చేత బిగించి, పదకొండు వేలమందినీ నడిపిస్తానన్నాడు. ఆ పదకొండు వేలమందిలో ఓబన్న తమ్ముళ్లు ఇద్దరున్నారు.

నగరం దాటగానే హైమవల్లీ సాగరం. యువరాణి పదిహేనో పుట్టినరోజుకు రాజు కట్టించిన చెరువది. రెండు కొండల నడుమ నల్లరాతి కట్ట, కట్ట మీద తొండాలెత్తిన రాతి ఏనుగులు, నీటి మీద కనుచూపు మేర తామరలు, ఆ తామరాకుల మీద తీరిగ్గా నడిచే కొంగలు. కట్ట పొడుగునా నాగకేసరాల తోపు. గాలి వీస్తే పసుపు కేసరాల తెల్లని పూలు జలజలా రాలి నీళ్లను కప్పేస్తాయి. కింద మూడు కారులూ పచ్చగా ఉండే పొలాలు. ఆ చెరువును పొగడని కవి ఆ రాజ్యంలో లేడు. పొగడనివాడికి రాజుగారి వంటశాలలో భోజనం ఉండేది కాదు లెండి.

కట్టకు అవతలి నుంచి ఎండువాగు మొదలవుతుంది. ఒట్టి తెల్లటి ఇసుక. దానికా పేరు ఎప్పుడొచ్చిందని ఎవరూ అడగలేదు.

గుర్రాలు ఇసుకలోకి దూకాయి. మొదటి రోజు వాగు వీధంత వెడల్పు, రెండో రోజు మైదానమంత. మూడో రోజున ఇసుకలో సగం కూరుకుపోయిన పడవలు కనిపించాయి. గట్ల మీదనుంచి పెద్దపెద్ద రాతి మెట్లు దిగి దిగి ఇసుకలో ఆగిపోయాయి.

“ఇసుకలో పడవలేమిటి ఓబన్నా?”

“ఈ దేశంవాళ్ల సరదా ఏదో మనకేం తెలుసమ్మణ్ణీ.”

ఆ మధ్యాహ్నం కళ్లమంత మడుగొకటి కనిపిస్తే గుర్రాలు తాగడానికి వంగాయి. మడుగు భళ్లున పగిలింది. పడవంత మొసలి లేచి యువరాణి గుర్రం మెడ మీదికి నోరు తెరిచింది. ఆమె ఎగిరి ఇసుకలో పడింది. మొసలి గుర్రాన్ని వదిలి ఆమె మీదికి తిరిగింది. ఓబన్న తన భుజాన వేలాడుతున్న, డోలుకు బిగించే చేవ కొయ్య వలయాన్ని మొసలి దవడల మధ్య నిలువుగా గుచ్చాడు. మొసలి నోరు మూయలేక, మింగలేక, తోకతో ఇసుకను చితక్కొడుతుంటే, హైమవల్లి లేచి ఈటెను గొంతులో దింపింది. చచ్చిన మొసలి పొట్ట చూస్తే వీపుకంటుకుపోయి ఉంది. ఎన్నాళ్లుగానో దానికి తిండి లేదు.

నాలుగో రోజు సాయంకాలం గాలి మారింది. ఓబన్న గుర్రాన్ని ఆపి ముక్కుపుటాలు ఎగరేశాడు.

“పొగ వాసన” అన్నాడు.

అద్దం అబద్ధం చెప్పలేదు.

యుద్ధంలో ఎవరికి దారి లేకపోయినా డోళ్లు బాగుచేసేవాడికి ఉంటుంది. దెబ్బలు తినీ తినీ ప్రతి శిబిరంలోనూ డోళ్లు చిరుగుతూనే ఉంటాయి. అయిదో రోజు ఉదయం ఓబన్న, ముతకచీర కట్టి ముఖానికి మసి పూసుకున్న హైమవల్లి, అన్నా చెల్లెళ్లలా సైకతపురిలోకి నడిచారు. ద్వారం దగ్గర కాపలావాడు ఆమె చేతులు చూసి, “తోలు పని చేసే చేతులేనా ఇవి?” అన్నాడు.

“బద్ధకపు ముండ. పొద్దుగూకులూ అద్దం ముందే” అని ఓబన్న ఆమె నెత్తిన ఒక్క మొట్టికాయ వేశాడు. రాజ్యంలో ఇంకెవరైనా ఆ పని చేస్తే తల తెగేది. హైమవల్లి పళ్లు కొరుక్కుంటూ లోపలికి నడిచింది.

వాళ్లు అద్దంలో చూసిన వీధి అక్కడే ఉంది. కాలిన గడప ఉంది, చెంబు ఉంది, పిల్ల కూడా ఉంది. ఓబన్న తన నీటితిత్తి విప్పి చెంబులో పోశాడు. పిల్ల తాగుతున్నంతసేపూ అతని చెయ్యి వదల్లేదు. ఇంతలో లోపలి నుంచి దాని అవ్వ తాయమ్మ వచ్చింది.

“అవతలివాళ్లు ఈ వీధి ఎందుకు తగలబెట్టారవ్వా?” అని అడిగాడు ఓబన్న.

“మేం వాళ్ల వీధి తగలబెట్టామని.”

“మీరెందుకు తగలబెట్టారు?”

“వాళ్లు నదిని దొంగిలించారని. మూడేళ్లయింది నాయనా. ఒక పొద్దున లేచేసరికి స్వర్ణరేఖ సన్నబడింది. పది రోజుల్లో ఆగిపోయింది. పైన ఎక్కడో కాంస్యపురివాళ్లు మంత్రం పెట్టి కట్టేశారని ఆ గడ్డపాయన చెప్పాడు. వాళ్లకేమో మేం కట్టేశామని చెప్పాడంట. దప్పికతో ఉన్నవాళ్లకు కొట్టడానికి ఎవరో ఒకరు కావాలి గదా, అందరం నమ్మాం.”

“మీకు సాయంగా మా దేశం నుంచి సైన్యం వస్తుందంట.”

“ఎంతమంది?”

“పదకొండు వేలు.”

తాయమ్మ పిల్ల చేతిలోని చెంబు వంచి చూసింది. “పదకొండు వేలమంది తాగడానికి నీళ్లు ఎక్కడివి నాయనా?” అంది.

ఓబన్న తన తిత్తి మూతి కట్టాడు. “ఆ నది ఎక్కడి నుంచి వచ్చేదవ్వా?” అన్నాడు.

“తూర్పు నుంచి. ఎండలు ముదిరే ముందు నీళ్ల మీద తెల్లని పూలు కొట్టుకొచ్చేవి, నడుమ పసుపు కేసరాలు. ఆ చెట్టెట్లా ఉంటుందో మేమెవరం చూడలేదు. మా ఆడపిల్లల పెళ్లికి జడలో ఆ పూలే పెట్టేవాళ్లం.”

వేషానికి తగ్గట్టు పక్కన కూర్చుని డోలు కుడుతున్న హైమవల్లి చేతిలోని సూది కిందపడింది. ఆమె లేచి వీధి చివరికి నడిచి, కాలిన గోడకు ఆనుకొని నిలబడింది. ఓబన్న వెళ్లేసరికి ఆమె ఏడవడం లేదు. సిగ్గుతో ముఖం నల్లబడి ఉంది.

“ఓబన్నా, అది నా చెరువు. నాలుగు రోజులుగా మనం వచ్చింది ఆ నదిలోనే. కట్టకు ఇవతల నీళ్లు చూసుకొని మురిశాం గానీ, అవతల ఈ నీళ్లు ఎవరివని ఒక్కరం అడగలేదు. మూడేళ్లలో దానికి ఎండువాగని పేరు కూడా పెట్టేశాం.”

“నేనూ పెట్టాను అమ్మణ్ణీ. నేనూ అట్లానే పిలిచాను” అన్నాడు ఓబన్న.

ఇక తోలు బిగించే మాటే లేదు. అయినా సగం చూసి పోకూడదని ఇసుక దాటి కాంస్యపురి ఒడ్డుకు వెళ్లారు. అక్కడా కాలిన వీధులే, ఖాళీ చెంబులే. అయితే అక్కడి శిబిరంలో మొగలిపూవు బొమ్మ వేసిన జెండా ఎగురుతోంది. దాన్ని చూసి హైమవల్లి కొయ్యబారిపోయింది. అది కేతకీపురం జెండా. మణిశిలకు పొరుగు రాజ్యం, ఆమె అక్కను ఇచ్చిన ఇల్లు.

డేరా ముందు డోలు బాగుచేస్తున్న ఆమె గొంతు విని ఒక యువకుడు బయటికొచ్చాడు. కేతకీపురం యువరాజు విజయాంకుడు, ఆమె బావ. మసి వెనక ముఖాన్ని ఒక్క క్షణంలో పోల్చుకొని ఇద్దరినీ లోపలికి లాగాడు.

“నువ్విక్కడేమిటి హైమా?”

“మీరిక్కడేమిటి బావగారూ?”

“భస్మాంగదుడి అద్దంలో కాంస్యపురి కాలడం చూశాను. మీ నాన్నగారు అవతలి ఒడ్డుకు సైన్యం పంపుతున్నారని కూడా అతనే చెప్పాడు. ఇక చేతులు ముడుచుకొని కూర్చోమంటావా? ఈ నాలుగైదు రోజుల్లోనే మావాళ్లు నలభైమంది పోయారు.”

“మావాళ్లకు మీ సంగతి చెప్పలేదు. వచ్చే నెలలో మీ మామగారి సైన్యమూ మీరూ ఈ ఇసుకలో ఒకరినొకరు పొడుచుకునేవాళ్లు. అక్కయ్య ఏ వైపు ఏడవాలి?”

 ఆమె చెరువు సంగతి చెబితే విజయాంకుడు మొదట నమ్మలేదు. “సైన్యాన్ని వెనక్కి తీసుకుపోయానే అనుకో, ఆ మంటల్లో ఉన్నవాళ్ల మాటేమిటి? వాళ్లను వదిలేసి పోవడం మాత్రం ధర్మమా?”

“వదిలేసి పొమ్మనలేదు. తొమ్మిది రోజులు కత్తి దియ్యకండి. నాలుగు రోజులు ఓబన్న ప్రయాణానికి, అయిదు రోజులు నీళ్ల ప్రయాణానికి. రెండు నగరాల రాజులతోనూ మీరే మాట్లాడండి. నది ఆపినవారి కూతుర్ని నేనే గదా, పూచీగా నేనిక్కడ ఉంటాను. ఇవాళ్టికి తొమ్మిదో రోజు పొద్దుగుంకేసరికి నీళ్లు రాకపోతే నా తల ఈ రెండు నగరాలదీ.”

విజయాంకుడు సరేనన్నాడు గానీ ఓబన్న వద్దన్నాడు. ఆమె విన్నది లేదు. “నువ్వు మొట్టికాయ వేసిన తల ఇది. పోగొట్టుకోకుండా చూసే బాధ్యత నీదే” అని గుర్రం కళ్లెం అతని చేతికిచ్చింది.

ఓబన్న మూడు రోజులు నిద్ర లేకుండా గుర్రం తోలాడు. నాలుగో రోజు పొద్దున, కొండలు కనిపించే చోట ఆకాశం నుంచి బూడిదరంగు గద్ద ఒకటి దిగింది. దాని వీపు మీద భస్మాంగదుడు. గడ్డం సగానికి పైగా నల్లబడి నిగనిగలాడుతోంది.

“ఆగు ఓబన్నా. నిన్ను నేనేమీ చెయ్యను. నా చేత్తో ఎవరిని చంపినా నా ఆయుష్షు తరిగిపోతుంది. సొంత నేల కోసం చచ్చినవాడి ఆయుష్షు కూడా నాకు దక్కదు. పరాయి యుద్ధంలో చచ్చినవాడు బతకవలసిన ఏళ్లు మాత్రం నావి. కేతకీపురంవాళ్లు నలభైమంది ఇచ్చింది ఈ నలుపు. మీ పదకొండు వేలమందీ వస్తే ఇక నాకు చావే లేదు.”

“నదిని ఆపించింది కూడా నువ్వేనా?”

“నాకంత శ్రమ దేనికి? అది మీరే ఆపారు. నేను వచ్చి అద్దం పట్టానంతే” అని మాంత్రికుడు నవ్వి, అరచేతిలోని చిన్న కంచు బిళ్లను ఎండకు తిప్పాడు. అందులో ఓబన్న ఇల్లు భగ్గున మండుతోంది. దూలం కింద అతని తల్లి చేతులు చాచి పిలుస్తోంది. “అదిగో, ఆ దక్షిణపు కనుమలోనుంచి పోతే గంటలో ఇల్లు చేరతావు. నగరం దారి పట్టావా, ఆమె దక్కదు.”

 ఓబన్న కళ్లెం దక్షిణానికి లాగాడు. గాలి సరిగ్గా ఇంటి వైపు నుంచే వీస్తోంది. అతను కళ్లు మూసుకొని గట్టిగా గాలి పీల్చాడు. నాగకేసరాల వాసన, తడిమట్టి వాసన. పొగ లేదు. కళ్లు తెరవకుండానే గుర్రాన్ని తూర్పుకు తిప్పి మడమలతో పొడిచాడు. ఆ కంచు బిళ్లను పగలగొట్టాలని చేతులు దురద పెట్టాయి గానీ అంత తీరిక లేదు.

తోలు నానబెట్టిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం కోట ముందు సైన్యం బారులు తీరి ఉంది. సున్నపు తొట్టిలోనుంచి తోలు పైకి తీస్తున్నారు.

“చూశావా?” అన్నాడు చండకేతుడు ఎదురొచ్చి.

“చూశాను దొరా. చూశాను గనకనే బిగించను.”

నది సంగతీ, యువరాణి తన తల పూచీ పెట్టిన సంగతీ అంతా చెప్పాడు. రాజు ముఖం పాలిపోయింది. “కూతురి తల కోసం రాజు చెరువు తెంపి రాజ్యాన్ని ఎండగట్టాడంటారు. నేనెట్లా ఒప్పుకోను ఓబన్నా?”

“కట్ట తెంపమనడం లేదు దొరా. కింద మూసేసిన తూము తెరవమంటున్నా. సగం మనకు, సగం ఏటికి. మనకు మూడో పంట పోతుంది. పోదని అబద్ధమాడను.”

చెరువు కింద నాలుగెకరాలున్న బంగారక్క అనే రైతు ముందుకొచ్చింది. “మూడో పంట మూడేళ్ల కిందట లేదు. అప్పుడూ తిన్నాం. నా కొడుకులిద్దరూ ఆ వరసలో బల్లేలు పట్టుకొని ఉన్నారు. ఏదో ఒకటి పంపాలంటే నీళ్లు పంపండి మారాజా, వాళ్లను పంపకండి” అంది. ఆ మాటకు వెనకనుంచి కొందరు గొణిగారు, మా పొలాలేం కావాలన్నారు. ఎక్కువమంది మాత్రం తలలూపారు. రాజు ఆ తలల వైపు చూసి, తనూ ఊపాడు.

చండకేతుడు ఓబన్నను ఒక్కటే అడిగాడు. “ఆ చెంబు పిల్ల నిజంగా ఉందా?”

“ఉంది దొరా. నా తిత్తిలో నీళ్లు తాగింది.”

“అయితే నేను పోవలసిందే” అని సేనాపతి కవచం విప్పి కట్ట వైపు నడిచాడు.

తూము నీటి అడుగున ఉంది. నీళ్లు వృథా పోకూడదని మూడేళ్ల కిందట దాన్ని రాతి పలకతో మూసి సీసం పోశారు. చండకేతుడు గునపం పట్టుకొని మునిగాడు. మూడుసార్లు పైకి తేలాడు, మూడుసార్లూ ముక్కులోనుంచి రక్తం. నాలుగోసారి ఓబన్న కూడా దూకాడు. చీకట్లో ఇద్దరూ ఒకే గునపం మీద వేలాడారు. సీసం చిట్లింది, పలక పక్కకు ఒరిగింది, నీటి ఊపు ఇద్దర్నీ తూములోకి పీల్చి, సొరంగంలో పొర్లించి, కట్టకు అవతల ఇసుకలో విసిరేసింది. వాళ్ల మీదుగా నది దూకింది. మూడేళ్ల తర్వాత అది మళ్లీ నది అయింది.

మొదటి రోజు నీళ్లు గుర్రంతో పోటీపడ్డాయి. రెండో రోజు నడిచాయి. మూడో రోజు పాకాయి. ఎండిన ఇసుక ఎంత వచ్చినా తాగేస్తోంది. గట్టు మీద నడుస్తున్న ఓబన్న అడుగులు లెక్కపెట్టి చూశాడు. ఈ లెక్కన నీళ్లు సైకతపురి చేరేసరికి నెల పడుతుంది. హైమవల్లికి ఉన్నది రెండు రోజులు.

అప్పుడు వెనక దుమ్ము లేచింది. చండకేతుడు పదకొండు వేలమందినీ తీసుకొస్తున్నాడు. ఒక్కరి చేతిలోనూ బల్లెం లేదు. రాజ్యంలో దొరికిన పారలన్నీ వాళ్ల భుజాల మీద ఉన్నాయి.

“పరిచి వదిలితే ఇసుక తాగేస్తుంది. ఇరుకు కాలవ తవ్వి తోలాలి” అన్నాడు చండకేతుడు. “పరాయి దేశం పోతానని సైన్యానికి మాటిచ్చాను గదా. పోదాం.”

సైన్యం నీటికి ముందు పరుగెడుతూ తవ్వింది. బంకమట్టి తగిలేదాకా తవ్వి, గట్లు కొట్టి, అలిసినవాళ్లు పక్కకు పడితే వెనకవాళ్లు పార అందుకున్నారు. పాటలు పాడారు, తిట్టుకున్నారు, రెండు పగళ్లు తవ్వారు. నీళ్లు కాలవలో ఇరుక్కొని మళ్లీ పరుగందుకున్నాయి.

బయల్దేరిన పద్నాలుగో రోజు మధ్యాహ్నం, హైమవల్లి గడువు ముగిసే రోజు. సైకతపురికి ఇంకా రెండు క్రోసుల దూరముంది. దారి చూడటానికి ముందు నడుస్తున్న ఓబన్న మలుపు తిరిగేసరికి, ఎదురుగా ఇసుకదిబ్బ మీద యాభైమంది విలుకాళ్లు నిలబడి ఉన్నారు. కాంస్యపురి వేగులవాళ్లు. రెండు రోజులుగా వాళ్లకు కనిపిస్తున్నది ఆకాశమంత దుమ్ము, దాని కింద ఒక సైన్యం. వాళ్లనేమనగలం, ఎవరైనా అదే అనుకుంటారు.

మొదటి బాణం ఓబన్న కాళ్ల ముందు దిగింది. రెండోది భుజంలో దిగింది. అతను పడిపోకుండా పారను ఊతంగా పట్టుకొని నడుస్తూనే ఉన్నాడు. మూడో బాణం సంధించినవాడు వాళ్ల నాయకుడు, నెరిసిన మీసాలవాడు.

“ఆగు. నీ వెనక ఎంతమంది?” అని అరిచాడు అతను.

“పదకొండు వేలు” అన్నాడు ఓబన్న. “ముందు దీన్ని రానియ్యండి.”

మలుపు తిరిగి నీళ్లు వచ్చాయి. జానెడు వెడల్పున, మట్టి నురగతో, ఆకులతో, ఓబన్న పాదాల పక్కనుంచి దిబ్బ దాకా వచ్చి ఆగాయి. నాయకుడు వింటిని దించకుండానే దిబ్బ దిగాడు. వంగి వేళ్లు ముంచి నాలుకకు రాసుకున్నాడు. 

ఆ క్షణంలో పడమటి దిక్కున భూమి ఊగింది. నదికి అడ్డంగా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, ఇసుక గోడలా లేవడం మొదలుపెట్టింది. నడుమెత్తు, నిలువెత్తు, తాటిచెట్టెత్తు. దాని శిఖరాన బూడిదరంగు గద్ద, గద్ద మీద భస్మాంగదుడు. అటు హైమవల్లి, ఇటు నీళ్లు. పొద్దు వాలడానికి మూడు గంటలుంది.

“ఇవి మళ్లీ ఆగిపోవు గదా?” అన్నాడు నాయకుడు, గోడ వైపు చూడకుండా, నీళ్ల వైపే చూస్తూ.

“తవ్వకపోతే ఆగిపోతాయి” అని ఓబన్న తన ఊతకర్రగా ఉన్న పారను అతని ముందు పెట్టాడు. “నాకు భుజం లేవదు. నువ్వు పట్టుకుంటావా?”

నాయకుడు తన చేతుల వైపు చూసుకున్నాడు. వింటిని ఎక్కడ పెట్టాలో తోచక ఓబన్న చేతికే ఇచ్చి, పార అందుకొని ఇసుక గోడ వైపు నడిచాడు. అతని వెనక మిగతా విలుకాళ్లూ దిబ్బ దిగారు.